నీలం గుడ్ల పెట్టతో భీమిలి దాకా

కోడిపెట్టకు సంబంధం చూడ్డానికి రైలెక్కిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఆ మనిషి నేనే. నవ్వేవాళ్లు ఇక్కడే నవ్వేసుకోండి. మధ్యలో ఆగి మీ నవ్వు అయ్యేదాకా చూసే ఓపిక నాకు లేదు.

మాది తణుకు పక్కన పల్లె. మా వైపు కోళ్లంటే షెడ్లే. షెడ్లలో ఇనుప బోనులు, బోనుల్లో వరసగా తెల్ల కోళ్లు, అవి పెట్టే తెల్ల గుడ్లు. మా అక్క మొగుడు, అంటే మా బావగారు, అలాంటి షెడ్లు రెండు నడుపుతారు. నేను మాత్రం మా పెరట్లో నీలం గుడ్లు పెట్టే కోళ్లను పెంచాను. రంగు పూసినవి కావు బాబూ, పెట్ట కడుపులోంచే లేత ఆకాశం రంగులో వచ్చే గుడ్లు. హైదరాబాదులో రకరకాల కోళ్లు పెంచే ఒకాయన దగ్గర పిల్లల్ని కొన్నాను. నీలం గుడ్డులోంచి వచ్చినవాటిని ఉంచుకుంటూ, రంగు తప్పినవాటిని ఊళ్లో పంచేస్తూ, ఏళ్ల తరబడి ఒక వంశాన్ని నిలబెట్టాను. ఊళ్లో సగం మంది రంగేశానన్నారు. మిగతా సగం మంది అరిష్టం అన్నారు. "రాజ్యం, నీ కోళ్లకి కామెర్లొచ్చాయేమో, డాక్టరుకి చూపించు" అని బావగారు నలుగురిలో నవ్వారు. కామెర్లొస్తే పసుపు కదండీ, నీలం ఎందుకవుతుంది? ఆ మాత్రం తెలీకుండా రెండు షెడ్లు ఎలా నడుపుతున్నారో మరి.

పోయిన వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున లేచేసరికి మెడలు వాలేసి, రెక్కలు జారేసి ఒక్కొక్కటే పడిపోయాయి. ఒక్క పెట్ట మిగిలింది. పుంజన్నది ఒక్కటి కూడా మిగల్లేదు. "పీడా పోయింది. ఆ ఒక్కదాన్నీ కూర వండెయ్యి" అన్నారు బావగారు. నాకు ఒళ్లు మండిపోయింది. వండను, ఈ వంశాన్ని పోనివ్వను, ఏం చేస్తారో చేసుకోండి అన్నాను.

ఏదో ఒక నాటు పుంజుతో కలపొచ్చు కదా అని మీరంటారు. కలపొచ్చు. కానీ నాటు పుంజులు గోధుమ రంగు గుడ్ల వంశం. అది కలిస్తే నీలం కాస్తా పాచి పచ్చకి తిరుగుతుంది. పాచి రంగు గుడ్డు కోసం కాదు నేనిన్నేళ్లు తిట్లు తిన్నది. నాకు నీలం గుడ్డులోంచి వచ్చిన పుంజే కావాలి. హైదరాబాదాయన చూస్తే కోళ్లు పెంచడం ఎప్పుడో మానేశాడు.

అప్పుడు సునీత గుర్తొచ్చింది. బావగారి కూతురే. మొగుడికి విశాఖ స్టీలు ప్లాంటులో ఉద్యోగం, గాజువాకలో కాపురం. దానికి ఒకప్పుడు మా కోడిపిల్లల్ని కొన్ని ఇచ్చాను. అపార్టుమెంటులో పెంచడం కుదరక, వీధిలోకి చేపలు తెచ్చే కాసులమ్మ అనే ఆవిడకు ఇచ్చేసింది. ఫోన్ చేస్తే, "ఆవిడ దగ్గర ఒక పుంజు ఉందంట పిన్నీ, నీలం గుడ్డులోంచి వచ్చిందేనంట" అంది. అంతే, బుట్ట కోసం అటక ఎక్కాను.

రైల్లో పెళ్లివారం

పెట్టను నెల పైన విడిగా ఉంచి, తెగులు జాడ లేదని చూసుకునే బయల్దేరాను. ఎదురు సీట్లో జీడిపప్పు వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు, ఎలమంచిలి మనిషి. బుట్టలోంచి కుయ్‌మన్న చప్పుడు విని ముందుకు వంగాడు.

"బుట్టలో ఏటండి మేడం?"

"కోడిపెట్టండి."

"పెళ్లి కూరకేటి?"

"కూరకి కాదండి. పెళ్లి దానికే."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, పక్కాయన్ని మోచేత్తో పొడిచాడు. "బావా, ఇన్నావా? పెట్టకి పెళ్లంట!" ఇక రైలు పెట్టె అంతా పెళ్లి మాటలే. కట్నమెంతని ఒకరు, పుంజుది ఏ ఊరని ఒకరు. వంశం ఒకటే, మేనరికం అనుకోండి అన్నాను. నీలం గుడ్ల సంగతి చెప్పేసరికి మాత్రం ఆయన నవ్వు ఆపేశాడు. "అంతా కెమికలండి. ఇంజెక్షన్ సేత్తారు" అన్నాడు, ఏదో తన చేత్తోనే చేసినట్టు. ఈ దేశంలో తెలీదు అనేవాడు ఒక్కడు దొరకడు కదా!

ఎలమంచిలి వస్తుందనగా దిగే తొందరలో ఎవరో మూట ఈడ్చారు. అది తగిలి నా బుట్ట పల్టీ కొట్టింది, పెట్ట బయటికి దూకింది. సీట్ల కింద నుంచి పరుగు. ఒకావిడ కాళ్లు పైకి పెట్టేసుకుని "ఓలమ్మో" అని కేకలు. తలుపు తీసే ఉంది, రైలింకా ఆగలేదు, నాకున్నది అదొక్కటే. చివరికి ఇంజెక్షన్ అన్నాయనే తువ్వాలు విసిరి పట్టేశాడు. రెక్కలు దగ్గరికి నొక్కి నా చేతికిస్తూ, "బంగారం లాటి పెట్టండి. మంచి మొగుడు దొరకాల" అన్నాడు. దిగేటప్పుడు గుప్పెడు జీడిపప్పు నా ఒళ్లో పోసి వెళ్లాడు. మనిషి మంచివాడే, తెలివే కాస్త తక్కువ.

గాజువాక

గాజువాకలో సునీత వాళ్ల వీధిలో సగం మంది మా వైపువాళ్లే. పాలవాడితో "ఆయ్, అలాగేనండి" అంటుంటే మా ఊళ్లోనే దిగినట్టుంది. కిరాణా కొట్లో నాటు గుడ్డు పదిహేను రూపాయలు చెప్పారు. మా ఊళ్లో పన్నెండుకే కూరగాయలమ్మి ఇంటికి తెచ్చిస్తుంది. రాత్రి పెట్టను బాల్కనీలో కట్టేశాను. పొద్దున లేచి చూస్తే గచ్చు నిండా సన్నటి నల్ల నుసి, దాని మీద పెట్ట తిరిగిన అడుగులు ముగ్గు పెట్టినట్టున్నాయి. "ఈ ఊళ్లో ఇంతే పిన్నీ, రోజుకి రెండుసార్లు తుడవాలి" అంది సునీత.

ఇడ్లీ పెడుతూ అది అసలు సంగతి చెప్పింది. "నాన్న ఫోన్ చేశారు. పిన్నికి పిచ్చి ముదిరింది, రెండు రోజులు సముద్రం చూపించి పంపెయ్యమన్నారు."

"సముద్రం నేను చూస్తాను గానీ, ఆయన్ని షెడ్డు చూసుకోమను" అన్నాను.

భీమిలి బస్సు

భీమిలి బస్సు కండక్టరు బుట్టను చూసి పెట్టకు టికెట్టు తియ్యమన్నాడు. ఒళ్లో పెట్టుకున్నాను కదయ్యా అంటే, "పిల్లల్ని ఒళ్లో ఎట్టుకున్నా అయిదేళ్లు దాటితే టికెట్టే. దీని వయసెంత మేడం?" అన్నాడు. రెండున్నర అన్నాను. బస్సంతా నవ్వింది, అతను కూడా నవ్వి ముందుకెళ్లిపోయాడు. కుడివైపు సముద్రం మనతోనే వస్తుంది, చూడ్డానికి రెండు కళ్లు చాలవు. నేను మాత్రం బుట్ట మూతనే చూస్తూ కూర్చున్నాను.

ఇసుక మీద ఇల్లు

కాసులమ్మది భీమిలి దగ్గర చేపల పల్లె. నేను వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని ఎండు చేపలు ఏరుతోంది. అరవై ఏళ్లుంటాయి. నోట్లో చుట్ట, నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని! మా వైపు ఆడవాళ్లు చుట్ట తాగడమే చూడం, ఈవిడ నిప్పు మింగుతూ మాట్లాడుతుంది. అడ్డపొగ అంటారట. నేను నోరెళ్లబెడితే, "గాలికి ఆరిపోద్ది తల్లీ, ఇలగైతే ఆరదు" అంది మామూలుగా.

పుంజును చూపించింది. ఎర్రటి ఒళ్లు, నల్ల తోక, మెడ మీద బంగారు నీరు పోసినట్టు ఈకలు. దొర అని పిలుస్తుందట. గింజలేస్తే చేతిలోంచే తింటోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నావే, నా పెరటి కోళ్లే, అదే నడక.

"పెట్టలేవి?" అన్నాను.

"ముసిలైపోయి సచ్చిపోయినాయి."

"మరి వాటి గుడ్లు పొదగెయ్యలేదా?"

"పొదగెయ్యడమేటి తల్లీ! పడవలకి కొట్టీసినాం."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. కొత్త వల దించినా, పడవ కొత్తగా నీళ్లలోకి తోసినా, ముందుగా పడవ ముక్కు మీద గుడ్డు కొట్టడం వాళ్ల ఆనవాయితీ. ఒకసారి తెల్ల గుడ్డు లేక నీలం గుడ్డు కొట్టారు. ఆ రోజు వల చినిగేటన్ని చేపలు పడ్డాయి. ఇక ఊరంతా కాసులమ్మ గుమ్మం ముందే. సముద్రం రంగు గుడ్డు సముద్రానికే ఇష్టమన్నారు. పెట్టిన గుడ్డు పెట్టినట్టే పడవల మీద పగిలిపోయింది. ఒక పెట్ట పాత వలల కుప్ప వెనక దొంగతనంగా పొదిగింది కాబట్టి ఈ ఒక్క పుంజు పుట్టింది.

చూశారా ఘోరం! మా ఊళ్లో అరిష్టమని తరిమారు, ఇక్కడ అదృష్టమని పగలగొట్టారు. మధ్యలో పోయింది నా కోళ్లే.

"సరే, అయిందేదో అయింది. ఈ పుంజును నాకివ్వండి" అన్నాను.

కాసులమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. "ఈడ్ని మొక్కీసినాను తల్లీ. మంగళారం గంగమ్మ తల్లికి."

అది ఆదివారం.

గొడవ

అంత దూరం వెళ్లింది ఊరుకోడానికి కాదు. అమ్మవారు పుంజునడిగింది గానీ ఈ పుంజునే అడిగిందా అన్నాను. వేరే పుంజును, ఎంత పెద్దదైనా సరే, నేనే తెస్తానన్నాను. వంశం పోతుందండీ, లోకంలో నాకింకెక్కడా లేదండీ అని బతిమాలాను, ఆపైన అరిచాను కూడా.

ఆవిడ అరవలేదు. వాకిట్లో ఒకాయన తల వంచుకుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన్ని చూపించింది. "నా మొగుడు. పోయినేడు ఇంజను పాడైపోయి గాల్లో కొట్టుకుపోయినాడు. పడవల్లో ఎతికినోల్లందరూ ఇంక రాడనీసినారు. ఈ పుంజు నెత్తి మీద సెయ్యెట్టి మొక్కినాను. అమ్మ నా మనిసిని ఇచ్చీసింది. ఇప్పుడు నన్ను మాట తప్పమంటావేటి?"

ఆయన వల కుడుతూనే ఉన్నాడు. నాకు కోపం పోలేదు గానీ గుమ్మంలో కూలబడ్డాను.

ఈ గొడవలో బుట్ట మూత తోసుకుని ఎప్పుడు దూరిందో, ఇంటి లోపల నుంచి నా పెట్ట కొక్కొక్కో అని ఊరంతా వినబడేలా అరిచింది. ప్రయాణానికి గుడ్లు ఆపేస్తుందేమోనని భయపడ్డాను. అబ్బే, కాసులమ్మ బియ్యం చేటలో ఎక్కి పెట్టేసింది. ఆ నీలం గుడ్డు చూడ్డానికి క్షణంలో వీధి వీధంతా వచ్చింది. ముందు వచ్చింది దానయ్య, పడవ యజమాని, కాసులమ్మకు బావ వరస.

"ఇది నాకియ్యాల. కొత్త వల దించుతన్నాను" అన్నాడు.

"ఇవ్వను" అన్నాను.

"ఎంత గావాల?"

"ఎంతిచ్చినా ఇవ్వను. మీరంతా కలిసి కొట్టింది చాలదా?"

"పడవకి అడిగితే నేదనకూడదమ్మా. మంచిది కాదు."

ఎవరికి మంచిది కాదు? నా కోళ్లకు ఏది మంచో ఒక్కరైనా అడిగారా? ఇంకా పోట్లాడేదాన్నే గానీ, అంతలో నా బుర్ర పని చేసింది. ఆ గుడ్డులో జీవం లేదు. నా పెట్ట పుంజు మొహం చూసి నెలలైంది. మరో సంగతి. పెట్ట ఒక్కసారి పుంజుతో కలిస్తే చాలు, ఆ తర్వాత వారం పది రోజుల దాకా అది పెట్టే గుడ్లు పొదుగుతాయి. పుంజు బతికున్నా, లేకపోయినా.

"గుడ్డు తీసుకోండి. మంగళవారం దాకా నా పెట్టను ఆ పుంజుతో వదలండి" అన్నాను.

దానయ్య గట్టిగా తలూపాడు. మొక్కేసిన పుంజును పెట్టలతో కలవనివ్వరట. పసుపు తాడు కట్టి విడిగా ఉంచాలట, లేకపోతే ఎంగిలి కింద లెక్కట. "తప్పు కదేటి? ఊరికి సుట్టుకుంటాది" అన్నాడు.

కాసులమ్మ లేచింది. పుంజు కాలికున్న తాడు విప్పేసింది.

"మొక్కు నాది, పుంజు నాది. తప్పయితే అమ్మ నన్నడుగుద్ది. నీకేటి బావా? గుడ్డట్టుకుని ఎల్లు."

ఆ మాటతో నేనావిడకు దాసోహమైపోయాను. అంతవరకు తిట్టుకున్నదంతా వెనక్కి తీసుకున్నాను.

మా పెట్ట మాత్రం సామాన్యురాలు కాదు. దొర ఒక రెక్క దించి చుట్టూ తిరుగుతుంటే ముక్కు మీద ఒక్కటిచ్చింది. "మీ గోదారి పిల్లకి గీర ఎక్కువే" అంది కాసులమ్మ. సాయంత్రానికి గీర తగ్గింది. ఆ పూట కాసులమ్మ ఎండు నెత్తళ్లు వంకాయలో వేసి వండింది. మా వైపు ఎండు చేపకు ఇంత చింతపండు పిసికి పోస్తాం. ఈవిడ పులుపు చూపించి వదిలేసింది, కారం మాత్రం చెవుల్లోంచి పొగలొచ్చేంత. సోమవారం ఇద్దరం భీమిలి ఒడ్డుకెళ్లి ముంత మసాలా తిన్నాం. దొర పిల్లప్పుడు గద్ద ఎత్తుకుపోతుంటే చేపల తట్ట విసిరి ఎలా విడిపించిందో చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగిపోయి, మరమరాలు కాకులకు వేసేసింది.

మంగళవారం

డప్పులు వాయిస్తూ అందరూ ఒడ్డుకు వెళ్లారు. బలిచ్చే ముందు పుంజు మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఒప్పుకోనట్టే. నేను కళ్లు మూసుకుని, కదలకురా, రాయిలా నిలబడరా అని దొరను వేడుకున్నాను. కాసులమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి. ఏం మొక్కుకుందో నేనడగలేదు.

నీళ్లు పడ్డాయి. దొర నిలువునా ఒళ్లు విదిలించాడు. జనం "గంగమ్మ తల్లీ" అని అరిచారు.

"నీకు ఇదే దొరికిందా తల్లీ!" అన్నాను పైకే. అందరూ నా వైపు తిరిగారు. తిరగనివ్వండి. అనాల్సిందే అన్నాను.

మధ్యాహ్నం ఆకుల్లో అన్నం, కూర వడ్డించారు. ప్రసాదం కాదనకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆకు పక్కకు నెట్టి, "నేను తినను" అన్నాను. తిడతారనే అనుకున్నాను. పక్కకు చూస్తే కాసులమ్మ ఆకు కూడా పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ముద్ద దిగట్నేదు తల్లీ" అంది. కళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు. "మాట నిలబెట్టుకున్నాను. మరి కడుపెందుకిలా మండతంది?"

ఇద్దరం ఆకులు అలాగే వదిలేసి లేచాం.

బస్సు దాకా బుట్ట తనే మోసింది. "పిల్లలయితే నాకు రెండియ్యి" అంది. ఇస్తాను గానీ, వాటి గుడ్లు పడవ మీద కొడితే మాత్రం ఊరుకోనన్నాను. "ఎల్లు, బస్సెల్లిపోద్ది" అంది, అవుననీ కాదనీ అనకుండా.

ఇంటికొచ్చాక

ఇంటికొచ్చాక పెట్ట రోజు విడిచి రోజు గుడ్డు పెట్టింది. పొదుగు మీదున్న నాటు పెట్ట కింద వాటిని సర్దాను. కొన్ని మురిగిపోయాయి. నాలుగు పిల్లలయ్యాయి. నాలుగంటే నాలుగే. బావగారికి చెబితే, "రైలు ఛార్జీలకైనా రాదు కదా రాజ్యం" అన్నారు. నేను ఛార్జీలు రాబట్టడానికి పెంచలేదు అన్నాను.

కాస్త ఎదిగాక రెండింటిని సునీత కారులో కాసులమ్మకు పంపి, ఒక పెట్టను, ఒక పుంజును నా దగ్గర ఉంచుకున్నాను. పెట్టలు ఏ రంగు గుడ్లు పెడతాయో పెట్టేదాకా ఎవరికీ తెలీదు. నెలలు గడిచాయి. పోయిన వారం నా దగ్గరున్న చిన్న పెట్ట తొలి గుడ్డు పెట్టింది. చిన్నది, పావురం గుడ్డంత. నీలం! ఇంత వయసొచ్చి పెరట్లో గంతులేశాను.

గుడ్డు సంగతి ఎలా తెలిసిందో, బావగారు షెడ్ల స్నేహితుణ్ని వెంటబెట్టుకుని వచ్చారు. అదే సమయానికి కాసులమ్మ ఫోన్.

"తల్లీ, నీలమే! నిన్న ఎట్టింది. దానయ్య బావ అప్పుడే వొచ్చీసినాడు, పడవకియ్యమని."

"ఇచ్చేశావా?"

"ఇత్తానేటి! తెల్ల గుడ్డు కొట్టుకో బావా అనీసినాను. నీలం గుడ్డు పగిల్తే ఇంక లోపల్నించే పగలాల, నువ్వూ నానూ పగలగొట్టకూడదు అన్నాను. కోపమొచ్చి ఎలిపోయినాడు."

ఫోన్ పెట్టి చూస్తే, బావగారు నా గుడ్డును చేతిలో తిప్పుతున్నారు. "మావాడు నమ్మట్లేదు రాజ్యం. ఒక్కటి కొట్టి చూపించు, లోపల కూడా నీలమేనో కాదో."

గుడ్డు ఆయన చేతిలోంచి తీసుకున్నాను. కాసులమ్మ మాట అక్షరం పొల్లుపోకుండా ఆయనకు అప్పజెప్పాను. ఆయనా కోపమొచ్చి వెళ్లిపోయారు. నేను గుడ్డు తీసుకెళ్లి పొదుగు పెట్ట కింద పెట్టేశాను.